మెయిన్ లైనుకు కంకర: గుంతకల్లు లేఔట్ డైరీ

ఆషాఢం మొదట్లో

పట్టాలు వేయడం, వైరింగు, పాయింట్ల (రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే చోట్ల) టెస్టింగు అయిపోయాయి కాబట్టి ఇక కంకర పోసి అతికించే పని మొదలుపెట్టాను. కొత్తగా చదివేవాళ్ల కోసం లేఔట్ గురించి రెండు ముక్కలు. ఇది ఇంట్లో కట్టుకుంటున్న మోడల్ రైల్వే, హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు సైజులో 87వ వంతు. ప్లైవుడ్ బల్ల మీద ఒక మెయిన్ లైను, దాన్నుంచి చీలి మళ్లీ దాంట్లోనే కలిసే ఒక లూపు లైను, చివర్లో గూడ్స్ బోగీలు నిలిపే పక్క లైను, అంటే సైడింగు. గుంతకల్లు, గుత్తి మధ్య కనిపించే చిన్న స్టేషన్ల పోలికలతో నేను కల్పించుకున్న స్టేషను, ఫలానా ఊరిదని చెప్పలేను. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ.ను 87తో భాగిస్తే 19.3 దాకా రావాలి, ఆ లెక్కన నా పట్టాలు ఇరుకే. కానీ బయట దొరికే ట్రాకూ ఇంజన్ల చక్రాలూ అన్నీ 16.5కే చేసి ఉంటాయి, కాబట్టి గేజి విషయంలో సర్దుకున్నాను. కంకర విషయంలో సర్దుకోవాల్సిన అవసరం లేదు, అది పూర్తిగా మన చేతిలో ఉన్న పని. అందుకే దీనికి ఎంత టైమ్ పట్టినా పరవాలేదని ముందే అనుకున్నాను.

ఇంజను ఎంత బాగున్నా, బోగీల మీద అక్షరాలు ఎంత చక్కగా ఉన్నా, చూసేవాళ్ల కంటికి అది బొమ్మా అసలుదా అని ముందుగా తెలిసిపోయేది కంకర దగ్గరే. రెండు మి.మీ. గింజ చేతిలో ఇసుక రేణువులాగే ఉంటుంది గానీ, దాన్ని 87తో గుణిస్తే 17 సెంటీమీటర్లు దాటుతుంది. అంత బండరాళ్లు పరిచిన రైలుదారి ఎక్కడా ఉండదు. మన రైల్వేలో కంకరకు లెక్క ఉంది: 65 మి.మీ. జల్లెడలో దాదాపు అంతా దిగిపోవాలి, 40 మి.మీ. జల్లెడ మీద సుమారు సగం నిలవాలి, 20 మి.మీ. జల్లెడలో దాదాపు ఏమీ దిగకూడదు. వీటిని 87తో భాగిస్తే నాకు కావలసిన గింజ 0.75 మి.మీ. కంటే చిన్నది, 0.23 కంటే పెద్దది, ఎక్కువ భాగం అర మి.మీ.కు అటూ ఇటూ. ఈ మూడు అంకెలు కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నాను.

మోడల్ రైల్వే కోసమే అమ్మే కంకర పాకెట్లు ఉన్నాయి. ఖరీదు ఒక సంగతైతే, వాటిలో కొన్ని అక్రోటు పెంకుల పొడితో చేసినవి. తేలికగా ఉంటాయి, తడి తగలగానే పైకి తేలి పక్కకు జరిగిపోతాయి. రాయైతే తేలదు, పెట్టిన చోటే ఉంటుంది. పైగా చుట్టూ గుట్టలూ క్రషర్లూ ఉన్న ఊళ్లో ఉండి రాతిపొడిని విమానంలో తెప్పించుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఇల్లు కట్టుకుంటున్న స్నేహితుడి దగ్గర క్రషర్ డస్ట్ గుట్ట ఉంటే ఒక సంచి తెచ్చుకున్నాను. బూడిదరంగు, మధ్యలో కొన్ని నల్లవి, కొన్ని లేత గులాబీ గింజలు. మా వైపు లైను పక్కన నిలబడి చూస్తే కనిపించే రంగుకు చాలా దగ్గర.

జల్లెడ పని

పాత్రల అంగట్లో రెండు స్టీలు జల్లెడలు కొన్నాను. ఏ జల్లెడ కన్నం ఎంతో అంగడాయనకు తెలియదు, డబ్బా మీదా ఉండదు, కాబట్టి స్టీలు స్కేలు తీసుకెళ్లి సెంటీమీటరుకు ఎన్ని కన్నాలో లెక్కపెట్టుకున్నాను. సెంటీమీటరులో పది కన్నాలుంటే కన్నం, తీగ కలిపి ఒక మి.మీ., అందులో తీగ మందం తీసేస్తే 0.7 దాకా మిగులుతుంది. ఇది పై జల్లెడ. దీంట్లోంచి దిగిందే తీసుకోవాలి. రెండోది మైదా జల్లెడ, సెంటీమీటరుకు పాతిక కన్నాలు, కన్నం పావు మి.మీ.కు దగ్గర. దీని మీద నిలిచిందే కంకర, కిందికి దిగింది దుమ్ము. అమ్మ వంటింటి జల్లెడలు ముట్టుకోవద్దని ముందే చెప్పింది, ఈ కొత్తవి కూడా మళ్లీ వంటింటి గడప దాటి లోపలికి రాకూడదని షరతు పెట్టింది. న్యాయమే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రాతిపొడి జల్లించేటప్పుడు మాస్కు తప్పనిసరి. ఈ రాళ్లలో ఉండే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి పోదు, క్రషర్లలో పనిచేసేవాళ్లకు వచ్చే జబ్బు దానివల్లే. ఇంట్లో కాదు, ఆరుబయట, గాలి మన వీపు మీదికి వచ్చేలా కూర్చుని జల్లించాలి. నేను మిద్దె మీద కూర్చున్నాను. ఆషాఢం గాలి ఎలా ఉంటుందో ఈ జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు, దుమ్మంతా అదే మోసుకుపోయింది. తొలకరికి వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం వెతికేవాళ్లను చూసిన కళ్లు కదా, పక్కింటావిడ పిట్టగోడ మీంచి చూసి "ఏమన్నా దొరికిందా నాయనా?" అని నవ్వుతా అడిగింది. రైలుకు కంకరమ్మా అంటే ఇంకా నవ్వింది, తర్వాత వచ్చి ఒక గుప్పెడు చేతిలోకి తీసుకుని "అవును, అచ్చం కంకరే" అని చూసిపోయింది.

జల్లించినది బకెట్లో పోసి కడిగాను. మొదటి నీళ్లు సిమెంటు కలిపినట్టే ఉంటాయి, కలియబెట్టి ఒక్క నిమిషం ఆగి మురికి నీళ్లు వంచేయాలి, నీళ్లలో గింజలు విడివిడిగా కనిపించేదాకా అలా చేస్తూ పోవాలి. ఈ కడుగుడు అనవసరమనిపించవచ్చు గానీ, గింజకు దుమ్ము అంటుకుని ఉంటే జిగురు ఆ దుమ్మును పట్టుకుంటుంది, రాయిని కాదు. ఆరాక కంకర రాలిపోవడానికి ఇదొక కారణం.

ఆరిన కంకరను స్టీలు పళ్లెంలో పలచగా పరిచి, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి నెమ్మదిగా మీదుగా తిప్పాను. ప్రతిసారీ నల్లటి గింజలు కొన్ని ఎగిరి కవరుకు అంటుకున్నాయి. సహజమైన రాతిపొడి వాడేవాళ్లు ఈ పని మానకూడదు. ఇంజను లోపల మోటారులో అయస్కాంతం ఉంటుంది, పట్టాకు కొద్ది ఎత్తులోనే పోతూ ఉంటుంది, ఇనుము ఉన్న గింజ వదులుగా ఉంటే నేరుగా లోపలికి లాక్కుంటుంది, గేర్లలో పడితే ఇంజను పని అయిపోయినట్టే. కడప బండ కోసే చోట దొరికే పొడి కూడా చాలామంది వాడాలనుకుంటారు, అందులో రంపపు బ్లేడు అరిగి రాలిన ఇనుప రజను కలిసి ఉంటుంది కాబట్టి అక్కడ అయస్కాంతం ఇంకా ఎక్కువసేపు తిప్పాలి.

కంకర భుజం

మా వీధిలోనే కీమన్‌గా పనిచేసి రిటైరైన మామ ఉన్నాడు. జిగురు పోయకముందే ఆయనకు చూపించాలని, ఒక చెక్క మీద అడుగు పొడవు ట్రాకు బిగించి పొడి కంకర పోసి, బ్రష్షుతో సర్ది పిలిచాను. కళ్లద్దాలు పెట్టుకుని వంగి చాలాసేపు చూశాడు.

"స్లీపరు మీద గింజ ఉండకూడదప్పా. కీ కనపడల్ల. కీ కనపడకపోతే కీమన్ ఏం చూసుకుంటా నడుస్తాడు?"

పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెను స్లీపరు అంటారు. పట్టాను ఆ స్లీపరుకు పట్టి ఉంచే క్లిప్పు గురించి ఆయన మాట. రోజూ తన బీటు మొత్తం నడుచుకుంటూ ఒక్కో క్లిప్పూ ఊడిందా, వదులైందా అని చూసిన మనిషి. ఆ మాట తర్వాత నా లేఔట్లో స్లీపరు మీద ఒక్క గింజ కనిపించినా నాకు తప్పుగానే కనిపిస్తోంది.

"బయటి దిక్కు ఇంత బక్కగానే పెడతావా? ఎండాకాలం పట్టా యాడికి పోతాది మరి?" అన్నాడు. నేను కొలతలు అడిగితే వేళ్లతో చూపించి చెప్పాడు, తర్వాత నేను సరిచూసుకున్నాను కూడా. అతుకుల్లేకుండా వెల్డింగు చేసిన పొడవాటి పట్టాలున్న లైన్లలో స్లీపరు చివరి నుంచి బయటికి కంకర భుజం నేరుగా పోయే చోట 350 మి.మీ., వంపులో బయటి వైపు 500 మి.మీ. ఉండాలి. ఎందుకో ఆయన చెప్పినట్టే రాస్తున్నాను. "మే నెల మిట్టమధ్యాన్నం పట్టా మీద చెయ్యి పెడితే కాలుతాది. ఇనుము సాగల్లనుకుంటాది, అతుకులు లేవు, యాడికి సాగుతాది? పక్కకు తోస్తాది. ఆ తోసేదాన్ని పట్టుకునేది ఈ కంకరే. వంపులో బయటి దిక్కే తోస్తాది, అందుకే ఆడ ఎక్కువ పోయల్ల." గుంతకల్లు ఎండల్లో మధ్యాహ్నంపూట పట్టా వంకర తిరుగుతుందేమో చూసుకుంటూ గస్తీ తిరిగిన మనిషి చెప్పిన మాట కాబట్టి వేరే పుస్తకం అక్కర్లేదు.

నా స్కేల్లో 350 మి.మీ. అంటే 4 మి.మీ., 500 అంటే దాదాపు 6 మి.మీ. ఈ రెండు మి.మీ. తేడా ఎవరికి కనిపిస్తుందని అనుకోవచ్చు, కానీ బల్ల దగ్గర వంగి వంపు వెంబడి చూస్తే కనిపిస్తుంది, వంపు బరువుగా, గట్టిగా కూర్చున్నట్టు ఉంటుంది. స్లీపర్ల కింద కంకర మందం మెయిన్ లైనులో 300 మి.మీ. అనుకుంటే నాకు మూడున్నర మి.మీ. రావాలి, నోటీసు బోర్డులకు వాడే 3 మి.మీ. కార్క్ షీటు కోసి ట్రాకు కింద పరిచింది అందుకే. దాని అంచులు నిలువుగా కాకుండా ఏటవాలుగా కోశాను. అడ్డంగా ఒకటిన్నర పోతే కిందికి ఒకటి దిగే వాలు. అప్పుడు కంకర జారకుండా ఆ వాలు మీద తనంతట తానే నిలుస్తుంది.

చెక్క ముక్కల మీద పరీక్షలు

ఇక జిగురు. ఈ పనిలో అందరి టెన్షనూ జిగురు గురించే ఉంటుంది గానీ, పరీక్షలన్నీ చేశాక నాకు తేలిందేమిటంటే కంకరను పట్టి ఉంచేది జిగురైనా, ఆ జిగురును లోపలికి తీసుకెళ్లేది దానికి ముందు పెట్టిన తడి. తడి సరిగ్గా ఉంటే జిగురు కొంచెం అటూ ఇటూ అయినా పని జరుగుతుంది. తడి లేకపోతే ఎంత మంచి జిగురూ పనికిరాదు.

పొడి కంకర మీద నేరుగా ఒక చుక్క జిగురునీళ్లు వేసి భూతద్దంలో చూశాను. చుక్క లోపలికి దిగలేదు. గుండ్రంగా ముత్యంలా నిలబడి, చుట్టూ ఉన్న గింజలను తన ఒంటికి అంటించుకుని, వాలు వెంబడి దొర్లి స్లీపరు పక్కన ఆగింది. అది కూర్చున్న చోట చిన్న గుంట పడింది. నీటి తలతన్యత చేసే పని ఇదే. నీటిలో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి ముందుగా తుంపరలా చల్లి, కంకర రంగు ముదురయ్యేదాకా తడిపి, అప్పుడు అదే చుక్క వేస్తే, వేసిన క్షణంలో మాయమైంది. కళ్లెదుటే పాలలాంటి తెలుపు స్లీపర్ల మధ్య ఒక ఖాళీలోంచి పక్క ఖాళీలోకి పాకింది, ఒక్క గింజ కదల్లేదు. ఈ ఒక్క దృశ్యం చూస్తే చాలు, మిగతా పద్ధతంతా దానంతటదే అర్థమవుతుంది.

జిగురు మామూలు ఫెవికాల్. ఒకటికి ఒకటి నీళ్లు కలిపితే చిక్కగా ఉండి పైనే నిలిచి, ఆరాక అక్కడక్కడా మెరిసింది. కంకర మెరిస్తే అసలు పోలిక పోతుంది. ఒకటికి నాలుగు కలిపితే బాగా దిగింది గానీ ఆరాక గట్టి బ్రష్షుతో రుద్దితే గింజలు ఊడాయి. ఒకటికి రెండు నీళ్లు, ఒక చుక్క లిక్విడ్, నాకు ఇదే కుదిరింది. ఫెవికాల్‌లో నీళ్లు ఒక్కసారిగా పోయకూడదు, గోరువెచ్చని నీళ్లు కొంచెం కొంచెం పోస్తూ కలపాలి, లేకపోతే అడుగున ముద్దలు మిగిలి సిరంజికి అడ్డం పడతాయి. నీటికి తట్టుకునే మెరైన్ రకం వాడలేదు. మామూలు రకమైతే తర్వాత ఏ పట్టా అయినా మార్చాల్సి వస్తే వేడినీళ్లు పోసి కాసేపు ఆగితే మెత్తబడి కంకర ఊడి వస్తుంది, ఆ వెసులుబాటు పోగొట్టుకోవడం ఎందుకు.

మా ఊరికి సంబంధించిన సంగతులు రెండు ఈ పరీక్షల్లోనే బయటపడ్డాయి. మొదటిది బోరు నీళ్లు. ఇక్కడి నీళ్లలో ఉప్పులు ఎక్కువ, బకెట్టు అంచున తెల్లగా పేరుకునేది అదే. బోరు నీళ్లతో తడిపిన ముక్క ఆరాక కంకర మీద సన్నటి తెల్లటి పొర వచ్చింది, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన ముక్క మీద రాలేదు. బ్యాటరీ నీళ్ల డబ్బా ఏమంత ఖరీదు కాదు, మెకానిక్ షాపుల్లో దొరుకుతుంది. తడికీ జిగురుకీ రెండింటికీ అదే వాడుతున్నాను. రెండోది ఈ పొడి గాలి. అనంతపురం జిల్లాలో గాలిలో చెమ్మ తక్కువ, ఆషాఢంలో గాలి ఆగదు, మనం తడిపి జిగురు సిరంజిలోకి ఎక్కించుకునేలోపే పైన ఆరిపోతుంది. మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లితే తడి ఇంకా బాగా లోపలికి దిగుతుంది గానీ అది నీళ్లకంటే త్వరగా ఆవిరవుతుంది, కాబట్టి సగం ఆల్కహాల్, సగం బ్యాటరీ నీళ్లు కలిపాను. అది మంటకు అంటుకునే సరుకు. లేఔట్ కరెంటు తీసేసి, గదిలో అగరబత్తి కూడా లేకుండా చూసుకున్నాకే చల్లాలి. దాన్ని ఫెవికాల్‌లో నేరుగా కలపకూడదు, జిగురు గడ్డకట్టే ప్రమాదం ఉంది.

ఆరిన ముక్కలను కడిగిన పొడి కంకర పక్కన పెట్టి చూస్తే జిగురు పట్టిన రాయి ఒక ఛాయ ముదురుగా ఉంటుంది. సహజమైన రాయికి ఇది మామూలే. కాబట్టి రంగు ఎంచుకునేటప్పుడు పొడి కంకరను చూసి కాదు, జిగురు పెట్టి ఆరిన ముక్కను చూసే తేల్చుకోవాలి.

మెయిన్ లైను

సాయంత్రం ఎండ దిగాక మొదలుపెట్టాను. కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, తలుపు కింద తువ్వాలు అడ్డం పెట్టాను. ఉక్కగా ఉంటుంది, తప్పదు. పట్టాల పక్కలకు తుప్పు రంగు అంతకుముందే వేసి ఉంచాను, కంకర పడ్డాక ఆ మూలల్లోకి బ్రష్షు పోదు.

కంకరను పాత విజిటింగ్ కార్డును మధ్యకు మడిచి దాంట్లోంచి రెండు పట్టాల మధ్య సన్నగా పోసుకుంటూ పోయాను. తక్కువ పోసి తర్వాత కలపడమే మంచిది, ఎక్కువైతే తీయడం చాలా కష్టం. మీటరు పట్టాకు ఒక చిన్న టీ గ్లాసుడు సరిపోతుంది. తర్వాత మెత్తటి వెడల్పు బ్రష్షును పట్టా మీద పడుకోబెట్టినట్టు పట్టుకుని ఒకే దిక్కుగా లాగితే స్లీపర్ల మీది గింజలు ఖాళీల్లోకి దిగుతాయి. ఇంకా పట్టా లోపలి అంచున కొన్ని నిలిచి ఉంటాయి, వాటికి వేలితో పట్టాను మెల్లగా తట్టడమే మందు. అడుగడుగుకీ తడుతూ పోవాలి. లోపలి అంచున గింజ ఉండి అతుక్కుపోతే చక్రం అంచు దాని మీదికి ఎక్కి బోగీ పడిపోతుంది, అందుకే ఒక బోగీని చేత్తో నెట్టి, టకటక శబ్దం వచ్చిన చోటల్లా ఆగి చూసుకున్నాను.

భుజం సర్దడానికి ఒక ప్లాస్టిక్ కార్డును ఏటవాలుగా కోసి, అందులో 4 మి.మీ. గాడి ఒకటి, 6 మి.మీ. గాడి ఒకటి పెట్టుకున్నాను. నేరుగా ఉన్న చోట చిన్న గాడి, వంపు మొదలయ్యే చోట నుంచి పెద్ద గాడి. పట్టాకు ఆనించి లాగితే భుజం దానికదే ఆ కొలతకు వస్తుంది. మామ అప్పుడప్పుడూ వచ్చి బల్ల అంచున కళ్లు ఆనించి చూసి, వంపు దగ్గర రెండు చోట్ల "ఈడ ఇంకొంచెం" అని వేలు పెట్టి చూపించాడు. చెప్పిన చోటల్లా పోశాను.

కంకర కుదిరాక తడి. మంగలి షాపుల్లో వాడే స్ప్రే సీసా. నేరుగా కంకర మీదికి కొడితే తుంపర ఊపుకే గింజలు ఎగురుతాయి, అందుకే ఒకటిన్నర అడుగు ఎత్తున గాలిలోకి కొట్టి తుంపర దానంతటదే కిందికి దిగేలా చేశాను. మొదటి చల్లు చాలా పలచగా, గింజలు ఒకదానికొకటి అంటుకునేంత. రెండోసారి కొంచెం ఎక్కువ. మూడోసారికి కంకర మొత్తం ముదురు రంగుకు తిరుగుతుంది. ఒకసారికి రెండడుగులకంటే ఎక్కువ తడపొద్దు, మిగతాది ఆరిపోతుంది.

జిగురు సూది తీసేసిన సిరంజితో. ముందు పట్టాల మధ్య, ఒక్కో ఖాళీలో ఒక్కో చుక్క, తర్వాత స్లీపరు చివర్ల దగ్గర, ఆఖరికి భుజం వాలు కింద. వాలు మీద పైనుంచి వేస్తే జారుతుంది, కింది అంచున వేస్తే తడే దాన్ని పైకి లాక్కుంటుంది. ఎక్కడైనా చుక్క గుండ్రంగా నిలబడిందంటే అక్కడ తడి ఆరిందని అర్థం, అక్కడికక్కడే డ్రాపరుతో ఆల్కహాల్ నీళ్లు రెండు చుక్కలు వేస్తే జిగురు కిందికి దిగిపోతుంది. ఖాళీల్లో తెలుపు నిండుగా కనిపించేదాకా పోయాలి, పొదుపు చేయకూడదు. పైపొర మాత్రమే అంటుకుంటే కింద గింజలు వదులుగా ఉండి ఎప్పుడో ఒకనాడు పైపొర పెచ్చులా లేచిపోతుంది. ప్రతి రెండడుగులు అవ్వగానే పట్టాల నెత్తిని తడిగుడ్డతో తుడిచాను, తెల్లటి జిగురు ఆరితే కరెంటు అందదు.

ఆరిన తర్వాత

మా ఊరి పొడి గాలికి పైన రాత్రికే ఆరినట్టు కనిపిస్తుంది. నమ్మకూడదు. భుజం కింది అంచున ఇంకా పాలతెలుపు ఉందంటే లోపల పచ్చిగా ఉన్నట్టే. తెలుపు పూర్తిగా పోయి, గోరుతో తడితే రాతి మీద తట్టినట్టు టక్కుమనేదాకా ఒక పగలంతా వదిలేశాను. ఆ తర్వాత గట్టి బ్రష్షుతో మొత్తం ఊడ్చి, వదులైన గింజలు వ్యాక్యూమ్ క్లీనరు గొట్టానికి పాత మేజోడు కట్టి లాగేశాను, మేజోట్లో చేరినది మళ్లీ డబ్బాలో పోసుకోవచ్చు. వంపు దగ్గర రెండు చోట్ల గింజలు ఊడాయి, అక్కడ మళ్లీ పోసి, తడిపి, జిగురు పెట్టాను.

పట్టాల నెత్తిని ఆల్కహాల్ గుడ్డతో తుడిచాను. గరుకు కాగితంతో రుద్దే అలవాటు చాలామందికి ఉంది, దయచేసి వద్దు, దానివల్ల పడే సన్నటి గీతల్లో మురికి చేరి తర్వాత ఇంకా ఎక్కువసార్లు తుడవాల్సి వస్తుంది. కరెంటు ఇచ్చి ఇంజను ఒంటరిగా, తర్వాత గూడ్స్ బోగీలతో నడిపాను. ఎక్కడా ఆగలేదు. శబ్దం మాత్రం ముందుకంటే పెరిగింది. ఫెవికాల్ గట్టిగా ఆరుతుంది కాబట్టి చక్రాల చప్పుడు కంకర మీదుగా ప్లైవుడ్‌లోకి దిగి బల్లంతా మోగుతుంది. మెత్తగా ఆరే మ్యాట్ మీడియం (బొమ్మలు వేసేవాళ్లు వాడే, ఆరాక మెరవని ద్రవం) వాడితే ఈ చప్పుడు తగ్గుతుంది, ధర ఎక్కువ. నాకు ఆ చప్పుడు ఇబ్బందిగా లేదు, రాత్రిపూట నడపాలంటే మాత్రం ఆలోచించాలి.

స్టేషను దగ్గర బ్రేకులు పడే చోట కంకర గోధుమరంగుకు తిరిగి ఉంటుంది, బ్రేకులు పడినప్పుడు ఇనుము అరిగి రాలడం వల్ల. దానికి జాజు పొడి, కొంచెం మసి కలిపి పొడి బ్రష్షుతో ప్లాట్‌ఫారం పొడవునా పట్టాల మధ్య అద్దాను. గోడలకు పూసే జాజే, అంగట్లో దొరికేది. ప్లాట్‌ఫారం దాటాక రంగు మెల్లగా తగ్గుతూ పోయి బూడిదరంగులో కలిసిపోవాలి, ఒక్కసారిగా ఆగిపోకూడదు.

లూపు, సైడింగు

లూపు లైనుకు 2 మి.మీ. కార్క్ వేశాను, మెయిన్ కంటే కొంచెం కిందికి ఉంటుంది, కంకర భుజం కూడా తక్కువ. అదే పద్ధతి, కొత్తగా చెప్పేదేం లేదు. సైడింగుకు కార్క్ లేదు, ట్రాకు నేరుగా ప్లైవుడ్ మీద. అక్కడ కొత్త కంకర కనిపిస్తే అబద్ధంలా ఉంటుంది. మైదా జల్లెడ కిందికి దిగిన దుమ్ము పారేయకుండా దాచింది దీనికే, దాంట్లో ఇంటి వెనకాల ఎర్రమన్ను జల్లించి కలిపి, స్లీపర్లు సగం మునిగేదాకా పోశాను. మన్ను కాబట్టి తడి ఇంకా ఎక్కువ కావాలి, తుంపర బాగా పట్టించి చాలాసేపు ఆగి జిగురు పోశాను. మామ చూసి "ఇది బాగుంది, గూడ్స్ షెడ్డు కాడ ఇట్లే ఉంటాది" అన్నాడు.

మిగిలింది పాయింట్లు. అక్కడ బ్లేడ్లు (రైలును మళ్లించడానికి అటూ ఇటూ జరిగే పట్టా ముక్కలు) కదిలే స్లీపర్ల మధ్య కంకర ఒకే ఒక్క పొర, స్లీపరు సగం ఎత్తుకు మించకుండా పోయాలి, బ్లేడ్లను లాగే కడ్డీ చుట్టూ అసలు వద్దు. అక్కడ స్ప్రే కూడా కుదరదు, తడి, జిగురు రెండూ సన్న సూదితోనే, ఒక్కో చుక్క. ఆరేలోపు పాయింటును అటూ ఇటూ వేస్తూ ఉండాలి, లేకపోతే బ్లేడు పట్టుకుపోతుంది. సూదులు తెచ్చిపెట్టుకున్నాను, వచ్చే ఆదివారం లూపులోకి తిరిగే మొదటి పాయింటుతో మొదలుపెడతాను.